పుష్యమిలో అరవై మూడు చుక్కలు

మొన్న ఆదివారం మా పెద్దవాడు, రాజమహేంద్రవరంలో పిల్లలకు ప్రకృతిశాస్త్రం చెప్పుకుంటున్నవాడు, దొరల సీమ నుంచి వచ్చిన ఒక ఇంగ్లీషు పత్రిక తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. అందులో ఒక పుట నిండా నల్లటి అచ్చు, ఆ నలుపులో తెల్లటి చుక్కలు. పుష్యమీ నక్షత్రానికి తీసిన ఫొటోగ్రాఫట. మామూలు కంటికి మబ్బు తునకలా కనిపించే పుష్యమి నిజానికి ఒక చుక్కల గుంపని ఈ కాలపువాళ్లు పుస్తకాల్లో చదువుకుంటున్నారు. నేను నా యౌవనమంతా చాప మీద వెల్లకిలా పడుకుని, వీపు నొప్పి పుట్టేదాకా చూసి తెలుసుకున్నాను. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నా, ఆ పుటలో నాకు బూడిద చల్లినట్టు కనిపించిందే తప్ప చుక్కకు చుక్క విడిపడలేదు. అరవై మూడు ఉండాలిరా, లెక్కపెట్టి చెప్పు అన్నాను. వాడు పత్రిక మీదికి వంగి, కాసేపటికి తలెత్తి, అరవై మూడేనండి నాన్నగారూ అన్నాడు. నాకు ఎంతో తృప్తి కలిగింది. తీరా మధ్యాహ్నం కునుకు తీద్దామని వాలేసరికి ఆ తృప్తిలో ఏదో నలుసు పడ్డట్టయి నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పని ఒక సంగతి అప్పటినుంచీ నన్ను వదలడం లేదు.

నాకు ఊహ తెలిసేనాటికే మా నాన్నగారు లేరు. నన్ను పెంచి చదువు చెప్పించినవారు మా మేనమామగారు. ఆయనది ధవళేశ్వరంలో ఆనకట్ట కచేరీలో పటాలు గీసే ఉద్యోగం. లాకులకూ తూములకూ ఆయన గీసిన గీత వెంట్రుకంత సన్నంగా ఉండేదని, భూతద్దం పెట్టి చూసినా ఎక్కడా వణుకు కనిపించేది కాదని కచేరీలో అందరూ చెప్పుకునేవారు. ఆయనకు తన కళ్ల మీదా, చేతి మీదా ఉన్న గర్వం అంతా ఇంతా కాదు. నా వయసువాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి, గోదావరి మీద రైలు వంతెన లేదు, అవతలి ఒడ్డుకు పోవాలంటే పడవే గతి, చీకటి పడితే ఊరంతా ఆముదపు దీపాల మసక వెలుగే. ఆకాశం చూడదలచుకున్నవాడికి అడ్డమనేది లేని కాలం.

కచేరీలో పనిచేసిన ఒక దొర ఉద్యోగం చాలించి తన దేశానికి వెళ్లిపోతూ, మా మావయ్య గీతకు మెచ్చి తన దుర్భిణిని ఆయనకు ఇచ్చి వెళ్లాడు. మనిషి చేయంత పొడుగు ఇత్తడి గొట్టం, మూడు కాళ్ల పీట. మొదటిరోజు ఆ గొట్టంలో పుష్యమి మబ్బు విరిగి పుట్టెడు చుక్కలైనప్పుడు మావయ్య చాప మీదినుంచి లేచి కూర్చుని, కళ్లు నులుముకుని మళ్లీ చూశారని మా అత్తయ్య చెప్పేది. ఉత్తరాభాద్ర దగ్గర ఇంకొక మబ్బు మరక ఉంది కదా, ఇంతకన్నా పెద్ద దుర్భిణి దొరికితే అదీ ఇలాగే చుక్కలై విడిపోతుందని ఆయన గట్టి నమ్మకం. అది ఈనాటికీ తేలలేదని మావాడు చెబుతున్నాడు. సరే, ఆ మాట ఇప్పుడెందుకు. చేతనైనంతలో పుష్యమినైనా ఏటేటా పటం గీసి పెడితే, అందులో ఏ చుక్క కదిలిందీ, ఏ చుక్క మారిందీ తరవాతివాళ్లకు తెలుస్తుందని మావయ్య సంకల్పించారు. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు నిండి, బళ్లో లెక్కలు చెప్పే ఉద్యోగంలో చేరాను. నన్ను రెండో కన్నుగా పెట్టుకున్నారు.

మావయ్య పెట్టిన పద్ధతి కచేరీ పద్ధతే. కోతలైపోయి ఆకాశం తేటపడ్డాక, మాఘం నుంచి చైత్రం దాకా, పుష్యమి నడినెత్తికొచ్చే వేళకు పెరట్లో చాప పరిచేవాళ్లం. మంచుకు కాగితం మెత్తబడిపోతుందని పలకల మీద బలపంతో గీసేవాళ్లం. ఎర్రగుడ్డ చుట్టిన లాంతరు తప్ప వేరే వెలుగు ఉండకూడదు. ముందు ఆయన చూసి గీసి, తన పలకను గూట్లో బోర్లించేవారు. తరవాత నేను చూసి గీయాలి. మర్నాడు పొద్దున్న వీధరుగు మీద రెండు పలకలూ పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ ఉన్న చుక్కలను మాత్రమే దళసరి కాగితం మీద సిరాతో సాపు పటంగా ఎక్కించి, పలకలు రెండూ తుడిచేసేవారు. ఒక్కడి కంటికే కనిపించింది చెల్లదు. చూసిందే గీయాలి, తెలిసింది గీయకూడదని ఆయన నాకు నూరుసార్లు చెప్పి ఉంటారు.

మొదటి నాలుగైదేళ్లు ఎంత హాయిగా గడిచాయో ఇప్పుడు తలుచుకుంటే అది నా జీవితమేనా అనిపిస్తుంది. మొదటి ఏటి సాపు పటంలో యాభై ఎనిమిది చుక్కలు ఎక్కాయి. రెండు పలకల్లో కలవని చుక్క దగ్గర ఇద్దరం కీచులాడుకునేవాళ్లం, ఓడినవాడు మర్నాటికి దుర్భిణి అద్దాలు తుడవాలి. చాలాసార్లు ఓడింది నేనే.

ఆరో ఏడు కాబోలు, ఒక పొద్దున్న ఆయన పలకలో లేని చుక్కలు నా పలకలో ఏడు తేలాయి. సన్నవి, అంచుల్లో ఉన్నవి. మావయ్య కీచులాడలేదు. పలకను వెలుగుకు తిప్పి, మళ్లీ తిప్పి, ముఖం చిన్నబుచ్చుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆ పూట అన్నం సరిగా తినలేదు. నాకు ప్రాణం ఉసూరుమంది. ఆ మర్నాటి రాత్రి ఆయన లోపలికి వెళ్లగానే గూట్లో పలకను తిప్పి లాంతరు దగ్గర చూసుకుని, ఆయన చూడలేకపోయినవాటిని నా పలకలోంచి వేలితో తుడిచేశాను. పొద్దున్న రెండు పలకలూ అచ్చంగా కలిశాయి. మావయ్య నవ్వుతూ నా వీపు తట్టారు. ఆ తట్టుకోసం మూడేళ్లు అదే పని చేశాను.

నేనొక్కణ్ణే కాదు. ఒకరోజు అత్తయ్య నన్ను వంటింటి గుమ్మం దగ్గరకు పిలిచి మెల్లగా చెప్పింది, "మీ మావయ్య ఈమధ్య చెంబు పక్కన మంచినీళ్లు పోస్తున్నారు నాయనా. నేను చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాను. నువ్వూ ఏమీ అనకేం." ఆవిడ అప్పటికే నడవలో పీటలన్నీ గోడవారకు జరిపేసి, ఆయన చెయ్యి చాపితే అందేచోటే అన్నీ పెడుతోంది. ఆయన కళ్లకు పొర కమ్ముతోందని ఇంట్లో ఆయనకు తప్ప అందరికీ తెలుసు. మేమంతా కలిసి ఆ సంగతి ఆయనకు తెలియకుండా కాపలా కాశాం.

అయితే సాపు పటాలు ఊరుకోవు కదా. ఏడాదికేడాదికీ వాటిలో చుక్కలు తగ్గుతూ వచ్చాయి. యాభై ఎనిమిది యాభై అయ్యాయి, నలభై అయిదయ్యాయి, నలభై ఒకటయ్యాయి. ఒక ఎండాకాలం మావయ్య అన్ని పటాలూ అరుగు మీద పరిచి, వాటిని ముఖానికి ఆనించుకుని ఒక్కొక్కటే చూసి, పుష్యమి ఆరిపోతోందిరా అన్నారు. అంచుల్లోని సన్నచుక్కలు ముందు, నడిమివి తరవాత, ఒక వరసలో ఆరిపోతున్నాయని, ఇంతవరకూ లోకంలో ఎవరూ కనిపెట్టని సంగతి మన ధవళేశ్వరంలో బయటపడిందని ఆయన పొంగిపోయారు. చెన్నపట్నంలో నక్షత్రాలు చూసే కచేరీకి పంపడానికి నెలరోజులు కూర్చుని ఇంగ్లీషులో ఒక నివేదిక చెప్పి నాచేత రాయించారు. నా దస్తూరీ బాగుంటుందని. ఆ నివేదిక అక్కడికి చేరితే, మరో దుర్భిణితో ఎవడైనా ఒక్కరాత్రి చూస్తే చాలు, మావయ్య పేరు నవ్వులపాలవుతుంది. చెబితే ఆయన గుండె ఆగిపోతుందేమోనని భయం. కాలవగట్టు మీద నడుస్తూ మూడు సాయంత్రాలు నోరు తెరవబోయి, మూడుసార్లూ వేరే కబుర్లు చెప్పాను. పిరికివాణ్ణి. అంతకన్నా మెత్తని మాట నాకు దొరకలేదు, ఇప్పుడూ దొరకడం లేదు.

చుక్కలు మళ్లీ కనిపించే రోజులొచ్చాక, నివేదిక పంపేముందు ఇంకొక్కసారి చూద్దామన్నారు మావయ్య. ఎప్పటిలాగే ముందు ఆయన గీసి పలక బోర్లించారు. ఎప్పటిలాగే నేను తిప్పి చూశాను. దక్షిణపు అంచున ఒక పెద్ద చుక్క ఉంది. నాకు దుర్భిణిలో అలాంటిది కనిపించిన గుర్తు లేదు. మళ్లీ చాప మీద పడుకుని చూస్తే తేలిపోయేది. కాని అప్పటికి నాకు ఆ చూడటం, తుడవటం, కలపటం అన్నిటిమీదా విసుగు పుట్టింది. ఆయన గీశారు, నేనూ గీసేశాను.

పొద్దున్న రెండు పలకలూ పెట్టాక, మావయ్య నా పలకను ముఖానికి ఆనించుకుని, వేలితో వెతికి ఆ చుక్క దగ్గర ఆగారు.

"ఇది నువ్వు చూశావా?"

"చూశానండి."

"బాగా చూశావా?"

"చూశానండి మావయ్యగారూ."

ఆయన గోదావరి వైపు ముఖం తిప్పుకున్నారు. తరవాత, "నేను చూడలేదురా. అక్కడ ఏమీ లేదు. లేకుండానే పెట్టాను" అన్నారు.

భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. ఎన్నాళ్లబట్టీ అని అడిగారు. మూడేళ్లబట్టి అన్నాను. తిట్టలేదు. తిట్టి ఉంటే నా బతుకు వేరుగా ఉండేది. కచేరీలో తప్పుపడ్డ పటాన్ని చింపకూడదు, మూల నుంచి మూలకు ఎర్రసిరాతో గీత కొట్టి 'చెల్లదు' అని రాయాలి. ఆ మూడేళ్ల పటాలూ ఒక్కొక్కటే అందివ్వమని, ఒక్కొక్కదాని మీదా తనే గీత కొట్టారు. వెంట్రుకంత సన్నంగా గీసే ఆ చేతి గీత కాగితం దాటి అరుగు మీదికి పోయింది. మా అత్తయ్య గుమ్మంలో నిలబడి చూస్తోంది.

ఆ రాత్రి చాప ఆయనే పరిపించారు. నన్ను పడుకోమని, తాను పక్కన కూర్చుని, ఈసారి అన్నీ చెప్పు అన్నారు. నేను నడిమినుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క చుక్కా ఏ వైపుందో, ఎంత వెలుగుందో పైకి చెబుతూ లెక్కపెట్టాను. యాభై ఎనిమిది దాటినా ఆపలేదు. అరవై మూడుతో ఆగాను. అన్నీ చూశావా అని ఆయన అడగలేదు. "అయితే ఏవీ ఆరిపోలేదన్నమాట" అన్నారు. ఆ గొంతులో నేననుకున్న దుఃఖం లేదు. ఏదో పెద్ద బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలారు. నివేదిక చెన్నపట్నానికి వెళ్లలేదు. ఆ తరవాత ఆయన దుర్భిణి దగ్గరకు రాలేదు. కచేరీ ఉద్యోగం తనంతట తానే వదులుకున్నారు.

మావయ్యా అత్తయ్యా పోయాక కూడా నేను ఏటేటా పుష్యమిని చూస్తూనే వచ్చాను. దగ్గర దగ్గర పాతికేళ్లు. కాని పక్కన రెండో పలక లేదు. ఒక్కడి కంటికే కనిపించింది చెల్లదు కదా, పొద్దున్నే తుడిచేసేవాణ్ణి. ఎవరినైనా తోడు తెచ్చుకోకపోయావా అని మీరడగవచ్చు. నా పక్కన కూర్చునేవాడు నాకోసం చుక్కలు తుడిచేస్తాడేమోనన్న భయం నన్ను వదల్లేదు. ఏటిగాలి చెమ్మకు అద్దాలు బూజుపట్టి, చివరికి దుర్భిణి కూడా చూపు పోగొట్టుకుంది. నా కళ్లకూ ఇప్పుడు అదే పొర.

ఈ కాలంలో ఫొటోగ్రాఫు మందు పూసిన గాజుపలక ఒకటి దుర్భిణికి తగిలించి, గంటల తరబడి వదిలేస్తే ఆకాశం తనంతట తానే అందులో దిగిపోతుందట. మనిషి కన్ను చూడలేనివన్నీ అది చూస్తుందట. దానికి మేనమామ లేడు, అత్తయ్య లేదు, ఎవరి ముఖం చిన్నబోతుందోనన్న బెంగ లేదు. మంచిదే. మావయ్య ఉంటే మురిసిపోయేవారు.

మరి అలాంటి పలక మీద, చేయంత దుర్భిణిలో నేను చూసిన అరవై మూడే ఎలా ఉంటాయి? వందలు ఉండి ఉండాలి. మొన్న మావాడు లెక్కపెడుతున్నప్పుడు పుట మీద వేలు కూడా పెట్టలేదని నాకు ఇప్పుడు గుర్తొస్తోంది. వాడి భార్య కూడా ఈమధ్య నా మంచం పక్కనుంచి కుర్చీ తీయించేసింది. పత్రిక ఇంకా నా తలగడ దగ్గరే ఉంది. వాడిని మళ్లీ లెక్కపెట్టమని అడగాలనే ఉంది, వాడు పక్క గదిలోనే ఉన్నాడు. అడగలేదు.