వాగులో కడిగిన కొత్తిమీర: మాచర్ల దారిలో మూడు రోజులు

ఇప్పుడు నరసరావుపేటలో పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనం వేళకల్లా నాగార్జునసాగర్ డ్యాం ముందు దిగవచ్చు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ డ్యాం ఇంకా కడుతున్నారు. నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులు. నాకు ఇరవై రెండేళ్ళు, నరసరావుపేటలో హెల్త్ విజిటరుగా చేరి ఏడాది కూడా కాలేదు. డ్యాం చూసే సరదాతో వెళ్ళలేదు. మా బావ దేవదానం అక్కడ కూలీల క్యాంటీనులో వంట చేసేవాడు. ఆ నెలలో క్యాంటీనులో తిన్నవాళ్ళు చాలామంది వాంతులు, విరేచనాలతో మంచాన పడ్డారు. వంటవాడికి శుభ్రం లేదని పైవాళ్ళు అనుమానించి, కారణం తేలకపోతే శనివారం నుంచి పనిలోకి రావద్దన్నారు. "ముగ్గురు పిల్లలతో యాడికి పోవాలో తెలీడం లేదు. నువ్వు చదువుకున్నదానివి, ఒకసారి వచ్చి చూడు శాంతా" అని అక్క కార్డు రాయించింది.

బుధవారం సెలవు పెట్టి ఉదయం ఆరింటి బస్సుకు బయల్దేరాను. పిడుగురాళ్ళ చేరేసరికి ఎనిమిది దాటింది. సున్నపు బట్టీల పొగలో స్టేషను దాకా నడిచి, గుంటూరు నుంచి వచ్చే చిన్న రైలు ఎక్కాను. బస్సుకూ రైలుకూ కలిపి రెండు రూపాయల లోపే అయినట్టు గుర్తు. గురజాల, రెంటచింతల దాటాక కిటికీలోంచి వచ్చే గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టుగా ఉంది. మాచర్లలో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. అక్కడి నుంచి డ్యాం పదిహేను మైళ్ళు. బస్సు సాయంత్రం గానీ లేదన్నారు. సిమెంటు లారీ డ్రైవరు మస్తాన్ నేను ఎవరి మనిషినో తెలుసుకుని, ముందు సీటులో చోటిచ్చాడు.

"నేనూ ఆడ తిని మూడు దినాలు మంచం దిగలేదమ్మా" అన్నాడు దారిలో.

"మరి మా బావ మీద కోపం రాలేదా అన్నా?"

"దేవదానమన్న మీద కోపమేంది? ఆయన తోమిన గిన్నెలో మొహం కనపడుద్ది. ఇంకేదో ఉండాది. అది కనిపెట్టు నువ్వు."

ఎత్తిపోతల దగ్గర లారీ ఆపి, జలపాతం చూసి రమ్మన్నాడు. దిగబుద్ధి కాలేదు నాకు.

క్యాంటీను వంటిల్లు నేను పనిచేసే ఆసుపత్రి వంటింటికంటే శుభ్రంగా ఉంది. తాగే నీళ్ళు కాచి చల్లార్చి, మూత పెట్టి ఉంచుతున్నాడు. అన్నం, పప్పు, పులుసు పొయ్యి మీద నుంచి దించినవి దించినట్టే వడ్డిస్తున్నాడు. బావ ఒక మూల పీట మీద కూర్చున్నాడు. నాలుగు రోజులుగా గడ్డం గీసుకోలేదు.

"వండేది నేనే, నేనూ అదే తింటా. నాకేం కాలేదు. అదే వాళ్ళకి అనుమానం" అన్నాడు.

"నువ్వు అన్నీ తింటావా బావా?"

"దోసకాయ పచ్చడొక్కటే ముట్టుకోను. నాకు పడదు. మజ్జిగ కూడా తాగను."

పచ్చడిలోకి దోసకాయను పచ్చిగానే ముక్కలు కోసి కలుపుతారు. మజ్జిగలోకి కొత్తిమీర పచ్చిగానే తరిగి చల్లుతారు. ఆ వంటింట్లో నిప్పు తగలనివి ఆ రెండే. రెండూ మాచర్లకు మూడు మైళ్ళ అవతల, నాగమ్మ అనే ఆమె తోటలోంచి వస్తున్నాయి. కడిగే వస్తాయి కాబట్టి బావ మళ్ళీ కడగడం లేదు.

గురువారం తెల్లవారుజామున ఐదింటికి మస్తాన్ లారీలోనే తోటకు వెళ్ళాను. నాగమ్మకు యాభై ఏళ్ళుంటాయి. భర్త పోయాక ఒక్కతే అరెకరం తోట చేసుకుంటోంది. కొత్తిమీర కట్టలు కట్టి, దోసకాయలు కోసి గంపలకెత్తింది. అందాకా అన్నీ బాగానే ఉన్నాయి. తర్వాత గంపలు బండిలో వేసుకుని వాగు దగ్గరికి తోలింది. మడుగులో ఆ చివర గేదెలు పడుకుని ఉన్నాయి. ఇంకొంచెం పైన, గట్టు మీద, జనం చెంబులు పట్టుకుని వెళ్ళివస్తున్నారు. ఆ నీళ్ళలో నాగమ్మ ఒక్కొక్క కట్టనూ ముంచి, విదిలించి, బిడ్డకు తల దువ్వినంత శ్రద్ధగా సర్దింది. పైన కప్పిన తడి గోనె ముందురోజు పేడ ఎరువు మోసిన గోనె.

గట్టు మీద ఆమె పక్కన కూర్చున్నాను. కంటికి కనపడని పురుగులు ఆ నీళ్ళలో ఉంటాయనీ, ఆకు సందుల్లో చేరిపోతాయనీ, జనం జబ్బుపడ్డది వాటివల్లేనని అనుమానమనీ చెప్పాను.

ఆమె చేతిలోని కట్టను గంపలో పెట్టేసింది. "అంటే నేను కడగబట్టే చెడిందంటావా? మట్టితో పంపితే తిడతారని కడిగితిని గదమ్మా. నా తోటకి బాయి ఉండాది. అన్ని నీళ్ళు తోడడం ఎందుకులే, వాగు చల్లన, ఆకు వాడదు అనుకున్నా."

మళ్ళీ అడిగింది: "ఆఫీసరుకి నా పేరు చెప్తావా? క్యాంటీనోళ్ళు మానేస్తే నాకు వేరే బేరం లేదు."

ఆమె పేరు ఒక్కటి చెబితే బావ ఈ నింద నుంచి బయటపడతాడు. "ముందు చేయాల్సింది చేద్దాం అత్తా. నేను చూసిందే చెప్తాను, నువ్వు మార్చుకున్నదీ చెప్తాను" అన్నాను.

వాగులో ముంచినవన్నీ ఆమే పక్కన పారబోసింది. గంపలు తోమి ఎండలో బోర్లించాం. ఎరువు గోనెలు వేరే కొట్టంలో పడేసి, కొత్త గోనెలు ఉతికి ఆరేశాం. మస్తాన్ డ్యాం దవాఖానా డాక్టరుగారి దగ్గర నుంచి నీళ్ళలో కలపడానికి కొలిచి కట్టిన బ్లీచింగ్ పౌడరు పొట్లాలు తెచ్చాడు. శుక్రవారం పొద్దున బావి నీళ్ళు తోడి తొట్టి నింపాం. పుచ్చిన ఆకులు ఏరేసి, మట్టి పోయేలా ఒకసారి కడిగి, మందు కలిపిన నీళ్ళలో డాక్టరు చెప్పినంతసేపు ఉంచి, మళ్ళీ మంచినీళ్ళతో జాడించాం. నీళ్ళు మురికయినప్పుడల్లా మార్చాం. నాగమ్మ ఆకు వాసన చూసి, "ఈ కంపుకి ఎవురు కొంటారే" అంది. రెండోసారి జాడించాక మళ్ళీ చూసి తలూపింది. ఇంత చేసినా పురుగులన్నీ పోతాయని కాదు, చాలావరకు తగ్గుతాయని చెప్పాను. "తగ్గినా చాల్లే, ఒక బిడ్డ తక్కువ మంచాన పడుద్ది" అంది.

ఆ మధ్యాహ్నం లారీలో గంపలతో పాటు ఆమె కూడా ఎక్కింది. నేను రమ్మనలేదు. క్యాంటీను ముందు, బావను పనిలోకి రావద్దన్న ఓవర్సీరు అతన్ని ఏదో అడుగుతున్నాడు. నాగమ్మ గంప దించి, కొంగు నడుముకు చుట్టుకుని, నేరుగా వెళ్ళి ఆయన ముందు నిలబడింది.

"అయ్యా, వాగులో కడిగింది నేను. ఈ వంటాయన కాదు. నాకు తెలీక చేసినా. ఇప్పుడు బాయి నీళ్ళతో చేత్తన్నా. కొంటే కొను, లేకుంటే లేదు. ఈయన్ని మాత్రం పంపబాకు."

ఓవర్సీరు నన్ను పిలిచి అంతా విన్నాడు. పచ్చివి వారం రోజులు ఆపమన్నాడు. ఆ తర్వాత నాగమ్మ తోటవే, వంటింట్లో ఇంకోసారి కడిగి వాడమన్నాడు. బావ లోపలికెళ్ళి, ఆమెకు కంచంలో వేడి అన్నం, పప్పు పెట్టుకొచ్చాడు. జబ్బులు రానురాను తగ్గాయి. ఆ వారంలోనే నీళ్ళ ట్యాంకు కూడా కడిగించారు కాబట్టి మొత్తం ఆకుకూరల వల్లేనని నేను ఒట్టేసి చెప్పలేను. బావ మాత్రం డ్యాం పూర్తయ్యేదాకా అక్కడే వండాడు.

తరువాత ఉద్యోగంలో ఎన్నో ఊళ్ళు తిరిగాను, వందలమందికి ఆకుకూరలు కడగడం నేర్పాను. తప్పు చూపిస్తే ముఖం తిప్పుకున్నవాళ్ళే ఎక్కువ. అందులో వాళ్ళ తప్పు కూడా లేదు, బతుకుతెరువు పోతుందన్న భయం అలాంటిది. అదే భయం ఉన్న మనిషి, చదువూ అండా లేని మనిషి, ముఖపరిచయం కూడా లేని వంటవాడి కోసం పదిమందిలో నిలబడి "నేనే" అంది. మా అక్క పిల్లలు ముగ్గురూ ఆ జీతం మీదే చదువుకున్నారు. ఆమెకు ఆరోజు నేను సరిగ్గా దణ్ణం కూడా పెట్టలేదు. ఈ నాలుగు మాటలూ అందుకే రాశాను.

మీరు ఆ దారిలో వెళ్తే ఒక్క జాగ్రత్త: రోడ్డు పక్క కోసి పెట్టిన జామకాయ, కీరా ముక్కలు కొనకండి. కాయ మీరే ఎంచుకుని, మీ దగ్గరున్న తాగే నీళ్ళతో కడిగి, కత్తి కూడా కడిగించి, మీ ఎదుటే కోయించుకోండి.