సూదితో సోదె చెప్పే చదువు

నేను డాక్టరు కావాలని మా ఇంట్లో అందరూ అనుకున్నారు. ఏ డాక్టరు అన్నది విడిగా ఆలోచించినవాళ్లు లేరు. ఆడపిల్ల డాక్టరైతే కాన్పులు చేస్తుంది, కరీంనగర్‌లో నర్సింగ్ హోమ్ పెడుతుంది, అంతే. ఊళ్లో భూములు కౌలుకిచ్చి టౌనులో ఇల్లు కట్టిన మా బాపు, కింది అంతస్తుకు గోడలు లేపకుండా పిల్లర్ల మీద వదిలేసింది అందుకోసమే. పీజీలో పాథాలజీ తీసుకున్నానని చెప్పిన రోజు ఆయన ఆ పిల్లర్ల మధ్యనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

“అండ్ల ఏం జేస్తరు బిడ్డా?”

“ఆపరేషన్ల తీసిన ముక్కలు జూసి రోగమేందో చెప్తం బాపూ. నెత్తురు, తెమడ, ఉచ్చ గూడ పరీక్ష జేస్తం.”

“రోగి నాడి వట్టవా?”

“పట్ట.”

“మరి గదేం డాక్టరు!”

అవ్వ వంటింట్లోంచే అన్నది: “పీనుగులను కోస్తరట గా చదువుల. ఎవలన్న అడిగితె డాక్టరనే చెప్పుండ్రి, ఏం డాక్టరో చెప్పకుండ్రి.”

వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఆ చదువులో చేరినవాళ్లకే దాని మీద గౌరవం లేదు. మా బ్యాచిలో ఒకతను పిల్లల వైద్యంలో సీటు రాక వచ్చాడు, ఇంకొకతను చర్మవ్యాధుల్లో సీటు రాక వచ్చాడు. ఇద్దరూ మైక్రోస్కోపు పక్కన మళ్లీ ఎంట్రన్సు పుస్తకాలు పెట్టుకుని చదివేవాళ్లు. ఇష్టపడి వచ్చానని నేనంటే జాలిగా చూసేవాళ్లు. ఎంబీబీఎస్‌లో మొదటిసారి కాలేయం ముక్కను మైక్రోస్కోపు కింద చూసినప్పుడు, ఇన్నాళ్లూ మాంసం అనుకున్నదానిలో ఇంత అమరిక ఉందా అని నేను ఆ బల్ల దగ్గర్నుంచి లేవలేకపోయాను. ఆ మాట వాళ్లకు చెప్పినా నవ్వేవాళ్లే కనుక చెప్పలేదు.

ఇక మా ప్రొఫెసర్. తెల్లగా ఉతికిన కోటు, మెత్తటి మాట, ఎప్పుడూ చిరునవ్వు. స్లైడు చేతికిస్తే ముందు మైక్రోస్కోపు వైపు చూసేవాడు కాదు, మా వైపు చూసేవాడు.

“సర్జన్ గారు ఏమంటున్నారు?”

సర్జన్ క్యాన్సర్ అంటే ఈయనకు క్యాన్సర్ కనిపించేది. మామూలు గడ్డ అంటే మామూలు గడ్డ కనిపించేది. ఏది కనిపించినా రిపోర్టులో చివర ఒకటే వాక్యం: “సూచిస్తోంది. సరిచూసుకోగలరు.” ఫలానా రోగం అని ఆయన రాయగా నేను చూడలేదు.

భైంసా నుంచి వచ్చిన నా సహాధ్యాయి, పత్తి వ్యాపారుల ఇంటి పిల్లవాడు, ఒకసారి ఒక పని చేశాడు. డిపార్ట్‌మెంటు మ్యూజియంలో పడి ఉన్న పాత స్లైడు ఒకటి తీసి, సర్జన్ క్యాన్సర్ అంటున్నాడని చెప్పి ఆయనకు చూపించాడు. ఆయన చాలాసేపు చూసి, క్యాన్సర్‌ను సూచిస్తోంది అన్నాడు. వారం పోయాక అదే స్లైడు, ఈసారి సర్జన్‌కు అనుమానమేమీ లేదని చెప్పి చూపించాడు. అంతేసేపు చూసి, మామూలు వాపును సూచిస్తోంది అన్నాడు. ఆ రోజు క్యాంటీన్‌లో మేము కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నాం. అలాంటి మనిషి కింద మూడేళ్లు చదవాలన్న సంగతి నవ్వు ఆగాక గుర్తొచ్చింది.

రెండో ఏడాదిలో, ఎనభైల నడుమ, నన్ను కరీంనగర్ జిల్లాలోనే ఒక చిన్న ఊరి దవాఖానకు కొన్ని నెలల పోస్టింగు మీద పంపారు. లాబ్ అంటే మెట్ల కింది గది. కరెంటు ఎప్పుడు ఉంటుందో తెలియదు కాబట్టి మైక్రోస్కోపుకు అద్దం తగిలించి, కిటికీలోంచి వచ్చే ఎండను దాని మీదికి తిప్పుకుని చూడాలి. మబ్బు పట్టిందంటే ఆ రోజుకు చదువు లేదు.

ఆ దవాఖానకు రాజు అక్కడి సర్జన్. పొద్దున సర్కారు దవాఖాన, సాయంత్రం బజార్లో సొంత నర్సింగ్ హోమ్. అపెండిక్సులు, గర్భసంచులు, గడ్డలు తీసి బకెట్‌లో వేయించేవాడు. తీసిన ప్రతిదాన్నీ పరీక్షకు పంపడం పద్ధతి కదా సార్ అని చేరిన వారంలోనే అడిగాను. వార్డులో నర్సుల ముందు, రోగుల ముందు, కడుపు పట్టుకుని నవ్వాడు.

“తీసినంక గది ఏందైతె ఏందమ్మా? పోయింది గద! నీకు సీసాలల్ల ఊరవెట్టుకునుడు షౌకుంటె జెప్పు, దినాం ఇంటికి పంపిస్త.”

అందరూ నవ్వారు. ఆ మనిషికి తన చేతుల మీదున్నంత నమ్మకం నాకు దేవుడి మీద కూడా లేదు. బకెట్లు బకెట్లే, ఆయన ఆయనే. ఒక్క ముక్క కూడా నా గదికి రాలేదు.

ఒకరోజు ఆపరేషన్‌కు ముందు చేసే రక్తపరీక్ష కోసం ఒకామె వచ్చింది. ముప్పై దాటి ఉంటుందేమో. బీడీలు చుట్టి చుట్టి వేళ్ల చివర్లు పచ్చబడ్డాయి. వెంట అత్త ఉంది. భర్త దుబాయిలో ఇళ్లు కట్టే పనిలో ఉన్నాడట. వేలికి సూది గుచ్చుతుంటే ఆమె మెల్లగా అడిగింది.

“అమ్మా, మొత్తం కోస్తరా?”

“ఏం కోస్తరు? ఏమైంది నీకు?”

ఎడమ రొమ్ములో గట్టి గడ్డ. సర్జన్ ఓపీలో అందరి మధ్య చేత్తో ఒకసారి తాకి, క్యాన్సర్ అని చెప్పి, రొమ్ము మొత్తం తీసేయడానికి రోజు కూడా చెప్పేశాడు. నేను తలుపు వేసి చూశాను. గడ్డ ఉంది, చంకలో కూడా చిన్న చిన్న గడ్డలు తగిలాయి. క్యాన్సర్ కావచ్చు. కానీ కొన్ని నెలలుగా సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడుతోందని, చీర నిలవనంతగా చిక్కిపోయిందని అత్త చెప్పింది. ఆ మాటలు సర్జన్ అడగనూ లేదు, విననూ లేదు.

సన్నసూది గడ్డలోకి పంపి లాగితే సిరంజిలోకి విరిగిన పాలలాంటిది కొద్దిగా వచ్చింది. దాన్ని గాజుపలక మీద పూసి, రంగులు వేసి, అద్దాన్ని ఎండకు తిప్పి కూర్చున్నాను. క్యాన్సర్ కణాలు ఎక్కడా లేవు. టి.బి.లో కనిపించే కణాల గుంపులు ఉన్నాయి. టి.బి. క్రిముల కోసం వేరే రంగు వేసిన రెండో పలకను మూల మూలా వెతికాను. ఎండ కిటికీ దాటిపోయే వేళకు నీలం మధ్యలో సన్నటి ఎర్రటి గీతలు దొరికాయి. అవే. పక్కన ఎవరైనా ఉంటే గట్టిగా అరిచేదాన్ని.

సర్జన్ గదికి పరుగెత్తాను.

“సార్, గామెది క్యాన్సర్ గాదు, టి.బి. గోలీలతోని తక్కువైతది. కోసుడు అక్కర్లేదు.”

ఆయన టీ సాసర్‌లో పోసుకుని తాగుతున్నాడు. సాసర్ దించలేదు.

“ఎట్ల దెలిసింది?”

“సూదితోని తీసి చూసిన సార్.”

“సూదితోని!” పక్కన కూర్చున్న మందుల కంపెనీ మనిషి వైపు తిరిగాడు. “చూసినవా, గిప్పటి పిల్లలు సూదితోని సోదె జెప్తున్నరు. మేం కత్తితోని గూడ చెప్పలేకపోతిమి.” తర్వాత నా వైపు తిరిగి, “పో, మీ ప్రొఫెసర్‌తోని రాయించుకరా. అప్పుడు చూద్దాం” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే స్లైడ్లను దూదిలో చుట్టి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని బస్సెక్కాను. ప్రొఫెసర్ ఆ రోజు నిజంగానే మైక్రోస్కోపులోకి చూశాడు. ఎర్రటి గీతలు చూశాడు. “ఉన్నాయమ్మాయ్, ఉన్నాయి. బాగా పట్టుకున్నావు” అని కూడా అన్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. అప్పుడు ఆయన తలెత్తి అడిగాడు.

“సర్జన్ గారు ఏమంటున్నారు?”

“క్యాన్సర్ అంటున్నరు సార్.”

ఆయన చిరునవ్వుతో కాగితం తీసుకుని రాశాడు: టి.బి.ని సూచించే మార్పులున్నాయి. క్యాన్సర్ లేదని చెప్పలేం. సరిచూసుకోగలరు.

“సార్, మీరే చూసిన్రు గద, క్రిములున్నయని!”

“ఉన్నాయని రాశాను కదా.”

“క్యాన్సర్ లేదని రాయుండ్రి సార్. రేపు ఆమెను కోస్తరు.”

“ఆయన నాకు సీనియర్ అమ్మాయ్. నువ్వింకా చిన్నపిల్లవు, తెలియదు. రిపోర్టు ఎప్పుడూ ఎటైనా తిరిగేట్టు ఉండాలి.”

ఆ మాట ఆయన ఒక విద్య నేర్పుతున్నట్టు, ఎంతో ప్రేమగా అన్నాడు. సర్జన్ మూర్ఖుడు, సరే. చూడలేనివాడు చూడలేదు. ఈయన చూశాడు. చూసి కూడా అలా రాసి, కలం మూత బిగించి, జేబులో పెట్టుకుని భోజనానికి లేచాడు. ఆయన మీద నాకు కోపం కూడా రాలేదు. కాలికి అంటుకున్నదాన్ని తుడుచుకోవాలన్నట్టు అనిపించింది.

సర్జన్ ఆ కాగితంలో తనకు కావలసిన వాక్యమే చదివాడు. “క్యాన్సర్ లేదని మీ సారే చెప్పలేకపోతుండు. ఇగ నువ్వు చెప్తవా?”

నేను తిన్నగా వార్డుకు పోయి ఆపరేషన్ కోసం చేర్చుకున్న ఆమె మంచం పక్కన నిలబడి అత్తాకోడళ్లకు ఉన్నదున్నట్టు చెప్పాను. అత్త నన్ను కిందికీ మీదికీ చూసింది.

“ఆయననేమో పెద్ద డాక్టరాయె. నువ్వు సూస్తె గింతంత పిల్లవు. ఎవల మాట ఇనాలె మేము? గా దుబాయిల ఉన్నోనికి ఏమని జెప్పాలె?”

“ముందుగాల గోలీలు మింగి చూడుండ్రి. తక్కువ గాకుంటె అప్పుడు గూడ కోయించుకోవచ్చు. కోసినంక మాత్రం పోయింది మళ్ల రాదు.”

అత్త ఇంకా ఏదో అడగబోయింది. కోడలు అప్పటికే మంచం దిగి దుప్పటి మడత పెడుతోంది.

“అత్తా, లే. ఇంటికి పోదం.”

“అగో, పెద్ద సారుకు చెప్పకుంటనే?”

“ఆయన నన్నడిగి దినం వెట్టిండా?”

నేనిచ్చిన స్లైడు పట్టుకుని వాళ్లు కరీంనగర్ పోయారు; అక్కడి టి.బి. డాక్టరు అది చూసి, మారు మాట్లాడకుండా మందులు రాసిచ్చాడు. రోగి పారిపోయిందని తెలిసి సర్జన్ నన్ను పిలిచి వార్డంతా వినబడేట్టు తిట్టాడు. ఆమె చస్తే ఆ పాపం నాదేనన్నాడు. మిగిలిన పోస్టింగు రోజులు నర్సులు కూడా నాతో ముక్తసరిగా మాట్లాడారు.

ఆమె చావలేదు. నా పోస్టింగు ముగియబోయే ముందు ఒకరోజు మెట్ల కింది గదికి వచ్చింది. ఒళ్లు పట్టింది, జ్వరం పోయింది, గడ్డ వెతికితే తప్ప తగలడం లేదు. సంచిలోంచి టేప్ రికార్డర్ తీసి నా బల్ల మీద పెట్టింది. దుబాయికి ఉత్తరాలకు బదులు క్యాసెట్లు పంపే రోజులవి.

“మా అత్త ఆయనకు క్యాన్సర్ అని మొదలే చెప్పి పంపింది. గప్పటిసంది పరేషానున్నడు. నేను మంచిగున్ననంటె ధైర్యానికి చెప్తున్న అనుకుంటున్నడు. జర మీరే చెప్పుండ్రి అమ్మా.”

ఆమె ఎర్ర బటన్ నొక్కింది. ముఖం తెలియని మనిషితో నేను గొంతు సవరించుకుని చెప్పాను: “నీ భార్యకు క్యాన్సర్ లేదు. టి.బి. ఉండె, తక్కువైతున్నది. మందులు మాత్రం నడుమల బందు చేయనియ్యకు.” నేనిచ్చిన మొదటి రిపోర్టు అదేననుకుంటాను. ఆమె క్యాసెట్ వెనక్కి తిప్పి, నా మాట పూర్తిగా పడిందో లేదో విని, అప్పుడు వెళ్లింది.

ఆ మరుసటి ఏడాది కరీంనగర్‌లో డాక్టర్ల సమావేశం జరిగింది. క్యాన్సర్‌లా కనిపించే రొమ్ము టి.బి. గురించి మా సర్జన్ ప్రసంగం, అధ్యక్షత మా ప్రొఫెసర్. పోస్టింగు అయ్యాక నేను డిపార్ట్‌మెంటులో అప్పగించిన స్లైడ్ల ఫోటోలు ప్రొఫెసర్ దగ్గర్నుంచే వెళ్లాయి. ప్రొజెక్టర్ తిప్పే పని నాకిచ్చారు.

“చెయ్యి వెట్టంగనే నాకు అనుమానమొచ్చింది” అన్నాడు సర్జన్, తెర మీది నా ఎర్రటి గీతలను బెత్తంతో చూపిస్తూ. “కత్తి ముట్టకుండ ఆపిన.” చివర్లో ప్రొఫెసర్‌కు కృతజ్ఞతలు చెప్పి, రంగులు వేయడంలో సహకరించిన అమ్మాయికి కూడా అన్నాడు.

ప్రశ్నలున్నాయా అని ప్రొఫెసర్ అడిగాడు. ప్రొజెక్టర్ దగ్గర్నుంచే నేను అన్నాను: “సార్, చెయ్యి వెట్టంగనే అనుమానమొస్తె, ఆపరేషన్‌కు దినం ఎందుకు వెట్టిన్రు?”

సర్జన్ బెత్తం దించి ప్రొఫెసర్ వైపు చూశాడు. మా ప్రొఫెసర్ చిరునవ్వుతో గడియారం చూసుకుని, “మంచి ప్రశ్న. భోజనం దగ్గర మాట్లాడుకుందాం” అన్నాడు. అందరూ హాయిగా లేచారు. అంతమంది డాక్టర్లలో ఒక్కరు కూడా ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు. బిర్యానీ బాగుందని మాత్రం మాట్లాడుకున్నారు. నేను తినకుండా బస్టాండుకు నడిచాను.

నేను పరీక్ష పాసయ్యాను. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్‌తో మా ప్రొఫెసర్, “తెలివైన పిల్లే, కాస్త తొందరపడి తేల్చేస్తుంది” అని చెప్పడం విన్నాను. ఆయనకు అంతకన్నా పెద్ద తిట్టు తెలియదు.

కొన్నేళ్లకు ఆయన రిటైరైనప్పుడు పాత విద్యార్థులను పిలిచారు. ఒక్కొక్కరూ లేచి ఆయన ఓపికను, మెత్తదనాన్ని పొగిడారు. నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. ఒక్క మాటే చెప్పాను.

“సార్ తన సర్వీసు మొత్తంలో తప్పని రుజువు చేయగలిగిన రిపోర్టు ఒక్కటి కూడా రాయలేదు.”

పెద్ద ఎత్తున చప్పట్లు కొట్టారు. ఆయన చేతులు మాత్రం ఒళ్లోనే ఉన్నాయి. నా వైపు చూశాడు, అదే చిరునవ్వుతో. తర్వాత ఎవరో శాలువా కప్పారు.