దాయమ్మ అడిగిన తెల్లబట్ట

మా చాల్‌లో పురుళ్లు పోసే దాయమ్మ పోయిన మంగళవారం పొద్దున కన్నుమూసింది. నల్లా దగ్గర నీళ్లు పడుతుంటే పక్క ఖోలీలో ఉండే ఆయన వచ్చి చెప్పాడు. నమ్మలేదు. పైకి వెళ్లి, గదుల ముందు గ్యాలరీ చివర ఆమె కూర్చునే పీట ఖాళీగా ఉండటం చూశాకే నమ్మాను. కళ్లతో చూడందే నమ్మకపోవడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ముంబై కామాటిపురలో మా గల్లీలో ఆమెను పిలవని ఇల్లు తక్కువ. వయసులో ఉండగా ఒక ప్రసూతి ఆస్పత్రిలో ఆయాగా చేసింది. కట్టె గొట్టంతో కడుపులో బిడ్డ గుండె వినడం అక్కడి నర్సులను చూసి పట్టుకుంది. గొట్టం ఒక కొస కడుపు మీద ఆనించి, రెండో కొసకు చెవి పెట్టి, విన్నది విన్నట్టు మంచం పట్టె మీద వేలితో కొట్టేది. నొప్పి తగ్గాక ఆ వేలు మళ్లీ మునుపటి వేగం అందుకోవాలి. అందుకోకపోతే ఆమె ముఖం మారిపోయేది.

"తల్లి చెప్పేది వింట, బిడ్డ చెప్పేది గుడ వింట. ఇద్దరి మాట కలవకపోతే బిడ్డనే నమ్ముత" అనేది.

గల్లీ మాత్రం ఆమెను పూర్తిగా నమ్మలేదు. పురుటికి పాత తెల్లబట్టే కావాలనేది. రంగుబట్ట ఇస్తే విసిరికొట్టేది. పీనుగు మీద కప్పే తెల్లబట్ట పురుటి మంచం మీద ఎందుకని ఆడవాళ్లు గుసగుసలాడేవారు. ఆమెకేదో మంత్రం తెలుసన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఆరేళ్ల కింద నా భార్యకు నొప్పులొచ్చాయి. అంతకుముందు ఊళ్లో మాకు ఒక బిడ్డ పుట్టి పురిట్లోనే పోయింది. ఆ భయంతో మా అమ్మ, దాయమ్మ అడిగిన తెల్లబట్టను పసుపునీళ్లలో ముంచి ఆరేయమని ముందురోజే నాకు చెప్పింది. ముంచాను.

దాయమ్మ ఆ బట్ట విప్పి ఆగిపోయింది.

"తెల్లది అడిగిన గద అక్కా?"

"తెల్లదే. జర పసుపు పట్టిచ్చినం. పసుపుల ఏం దోషం?"

"బిడ్డ లోపల తిప్పలు పడితె ఉమ్మనీరు ఆకు రంగుల వస్తది. ఈ పసుపుల నాకేం కనబడుతది? ఎవలు ముంచిన్రు?"

దాయమ్మ చూపు తలుపు దగ్గర నిలబడ్డ నా చేతుల మీదికి వచ్చింది. గోళ్ల అంచులు పసుపుగా ఉన్నాయి. గ్యాలరీ తాడు మీది నా తెల్లపంచె లాగి మంచం మీద పరిచింది.

కాసేపటికి పరదా వెనక వేలి చప్పుడు మొదలైంది. నా భార్య మూలుగు ఆగినా వేలు నెమ్మదిగానే కొడుతోంది. తర్వాత దాయమ్మ బయటికి వచ్చి పంచె కొస చూపించింది. చిక్కటి ఆకుపచ్చ మరక.

"టాక్సీ తే. ఉరుకు."

"ఆస్పత్రికి పోవుడు అవసరమేనా?" అన్నాను. అప్పటికీ అనుమానమే.

"నన్ను రేపు అనుమానించు. ఇయ్యాల ఉరుకు!"

నాగ్‌పాడా దాకా పరుగెత్తి టాక్సీ తెచ్చాను. ఆమె నా భార్యను ఎడమ పక్కకు ఒరిగించి, టాక్సీ ఆగిన చోటల్లా గొట్టం పెట్టి వింది. ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. పిల్ల వెంటనే ఏడవలేదు. ఆ తర్వాత ఏడ్చింది.

రోజూ రాసుకునే పుస్తకంలో ఆ రోజు "ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం" అని రాశాను. బట్టను పసుపులో ముంచింది నేనని రాయలేదు. ఇప్పుడే మొదటిసారి రాస్తున్నాను. దాయమ్మ కూడా ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. ఎదురైనప్పుడు మాత్రం ముందు నా గోళ్లు చూసేది.

"ఏందయ్యా, ఇయ్యాల సాఫ్ ఉన్నయా?" అని నవ్వేది. నేను చేతులు జేబుల్లో పెట్టుకునేవాణ్ణి.

ఆ మంగళవారం, భర్త ఉండగానే పోయింది కాబట్టి, ఆమె చివరి స్నానానికి పసుపునీళ్లు కలపమని ఆడవాళ్లు నాకు చెప్పారు. కలిపాను.

మర్నాడు సబ్బుతో ఎంత రుద్దినా గోళ్ల అంచుల్లో రంగు పోలేదు. పనికి పోతూ గ్యాలరీ చివరికి వచ్చాను. ఆమె పీటను ఎవరో గోడకు ఆనించారు. చేతులు జేబుల్లో పెట్టుకుని దాని ముందు నుంచి దిగిపోయాను.