సన్యాసి బండి మీద షెడ్ ముద్ర

ఎనభైల చివర్లో, ఒక వేసవిలో నాకు బిలాస్‌పూర్‌లో ఒక ఇంజన్ల షెడ్‌కు అసిస్టెంట్ ఫోర్‌మన్‌గా పోస్టింగ్ వచ్చింది. ఫిట్టర్లు విప్పి బిగించిన భాగాలను పరీక్షించి, ఇంజన్‌ను లైన్ మీదికి పంపవచ్చని సంతకం చేయడం నా పని. అక్కడ ఒక పద్ధతి ఉండేది. భాగం బిగించిన ఫిట్టర్ దాని మీద తన పంచ్‌తో ముద్ర కొట్టాలి: షెడ్ అక్షరాలు, పక్కన అతని నంబరు. దారిలో ఏదైనా విరిగితే అది ఎవరి పనో వెంటనే తెలుస్తుంది. ముద్ర లేని పనికి నేను సంతకం పెట్టేవాణ్ణి కాదు.

సన్యాసి మా సీనియర్ ఫిట్టర్. వాళ్ల తాత కాలంలోనే శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చిన కుటుంబం. డ్యూటీ అయ్యాక క్వార్టర్ వెనక రేకుల పందిరి కింద ఒక పాత చిన్న మోటారు సైకిల్‌ను విప్పి, తెల్లదొరల కాలపు బండిలా తయారుచేశాడు. కోలగా కొట్టిన ట్యాంకు, గుండ్రటి పెద్ద హెడ్‌లైటు, స్ప్రింగుల మీద ఊగే తోలు సీటు. రేకూ గొట్టాలూ ఊళ్లోనే లాల్‌ఖదాన్‌లో, పాత ఇనుము అమ్మే కబాడీవాడి దగ్గర కొన్నవే. దగ్గర్లోని రతన్‌పూర్‌లో అమ్మవారి గుడి దగ్గర ఫొటో స్టూడియో నడిపే ఒకాయన బండిని చూసి మోజుపడ్డాడు. గుడికి వచ్చినవాళ్లను దాని మీద కూర్చోబెట్టి ఫొటోలు తీస్తానన్నాడు. ఇద్దరికీ బేరం కుదిరింది.

ఈలోగా బండి మా పై అధికారి కంటపడింది. షెడ్ గేటు దగ్గరే ఎక్కి కూర్చుని, మా అబ్బాయికి బాగుంటుందన్నాడు. ధర మాట ఎత్తలేదు. కింది ఉద్యోగి దగ్గర అధికారి ఏదైనా కొనాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆ రూలు ఆయనకు నాకంటే బాగా తెలుసు. సన్యాసి చేతులు కట్టుకుని, "మాటిచ్చీసినాను బాబూ, ఇప్పుడు కాదంటే బాగోదు" అన్నాడు.

వారం తిరక్కుండానే రైల్వే భద్రతా సిబ్బంది వచ్చి బండిని పట్టుకుపోయారు. ట్యాంకు పట్టీల మీదా హ్యాండిల్ మీదా షెడ్ ముద్ర ఉంది కాబట్టి అది రైల్వే సొత్తు అన్నారు. సన్యాసిని సస్పెండ్ చేశారు. నేరం రుజువైతే ఉద్యోగమూ పోతుంది, క్వార్టరూ పోతుంది.

ముద్ర ఎందుకు కొట్టావని నిలదీశాను. "ఏటి సెప్పమంటారు బాబూ? బిగించగానే ముద్ర కొట్టడం సేతికి అలవాటైపోనాది. నా పనే గదా అని కొట్టీసినాను" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇలాంటి పొరపాటు షెడ్ మనిషి తప్ప ఇంకొకడు చేయడు.

అలాంటి కేసుల్లో వస్తువు రైల్వేదేనని డిపార్ట్‌మెంటు నిపుణుడు ధ్రువీకరించాలి. ఆ పని నా మీద పడింది. అధికారి నన్ను గదికి పిలిచి, ముద్ర కనబడుతూనే ఉంది కదా, రెండు ముక్కలు రాసి పడేయమన్నాడు. నా ప్రమోషన్ ఫైలు తన బల్ల మీదే ఉందని కూడా గుర్తుచేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్ల తర్వాత ఆ గొంతు తలుచుకున్నా మండుతుంది. ఊరికే దొరకని బండి కోసం ఒక మనిషి నోటి దగ్గర కూడు తీసేయాలనుకున్నాడు, అదీ నా చేత్తో!

మర్నాడు భద్రతా సిబ్బంది గోదాములో ఇన్‌స్పెక్టర్ ఎదుట బండిని భాగం భాగంగా కొలిచాను. రైల్వే సొత్తు అనాలంటే అది ఏ ఇంజన్‌లో ఏ భాగమో, ఏ డ్రాయింగ్ ప్రకారం చేసిందో చెప్పగలగాలి. ఒక్కటీ ఏ ఇంజన్‌కూ సరిపోదు. రేకు మందం కూడా మా స్టోర్‌కు వచ్చే రేకుది కాదు. "అచ్ఛా, మరి ముద్ర సంగతి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. ముద్ర పని ఎవరిదో చెబుతుంది, సరుకు ఎవరిదో చెప్పదు అన్నాను. అదే రాసిచ్చాను. ఆయన నిజాయితీపరుడు, కేసు మూసేశాడు. నా ప్రమోషన్ మాత్రం మా అధికారి బదిలీ అయ్యేదాకా కదల్లేదు. ఆయన్ను ఎవరూ ఒక్క మాట అడగలేదు.

బండి చేతికొచ్చిన రోజే సన్యాసి ఆకురాయితో ముద్రలన్నీ అరగదీశాడు. రంగు లేచిపోయి ఇనుము బయటపడింది. ఆ మచ్చలకు రంగు పూసి ఇమ్మని స్టూడియో ఆయన బతిమాలాడు. "అలాగే అట్టుకుపోండి" అన్నాడు సన్యాసి. ఆయన ఆ మచ్చలతోనే తీసుకుపోయాడు.

డ్యూటీలో చేరాక సన్యాసి ఒక ఇంజన్‌కు బ్రేకు పని చేసి, ముద్ర లేకుండా నాకు చూపించాడు. ముద్ర కొట్టమన్నాను. "నానెయ్యను బాబూ. సార్జిషీటు ఇచ్చీండి" అన్నాడు. అతన్ని చూసి మిగతా ఫిట్టర్లూ పంచ్‌లు పెట్టెల్లో పెట్టేశారు. ఇంజన్లు షెడ్‌లోనే ఆగిపోయాయి. అధికారి మెమోల మీద మెమోలు పంపాడు. నేను ఎవరికీ చార్జిషీటు ఇవ్వలేదు. ప్రతి పనినీ మళ్లీ పరీక్షించి, తనిఖీ కోసం నాకిచ్చిన పంచ్‌తో నా నంబరే కొట్టి ఇంజన్లను పంపాను.

ముద్ర పెట్టింది పనికి జవాబుదారీ ఉండాలని. మనిషిని ఇరికించడానికి దాన్ని వాడుకుంటే, ఇది నా పని అని చెప్పుకునేవాడు ఆ షెడ్‌లో ఉండడు. నేనున్నంతకాలం సన్యాసి నంబరు ఏ ఇంజన్ మీదా మళ్లీ పడలేదు.