డ్రమ్ములో నీళ్లు

మా ఆయన దగ్గు మొదట్లో నాకు చిరాకే తెప్పించింది. భయం తర్వాత వచ్చింది. బీడీ మానమని పోరాను, మానేశాడు. దగ్గు మాత్రం మానలేదు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, వానలు మొహం చాటేసిన రోజులవి. బనగానపల్లె దగ్గర ఓ నాపరాళ్ల ఫ్యాక్టరీలో బండల అంచులు కోసే పని ఆయనది. చేతి మిషన్ రాయికి ఆనించగానే దుమ్ము లేస్తుంది. పని దిగాక యజమాని ఒక్కొక్కరికీ ఒక బెల్లం ముక్క ఇచ్చేవాడు. బెల్లం తింటే గొంతులో దుమ్ము కిందికి దిగిపోతుందని అక్కడ అందరి నమ్మకం. నాకూ నమ్మకమే.

ఆ ఎండాకాలం ఎవరో ఆఫీసరు వచ్చి యజమానిని కేకలేసి పోయాడట. రాయిని పొడిగా కోయకూడదు, బ్లేడు మీద నీళ్లు పడుతూనే ఉండాలి, అప్పుడే దుమ్ము లేవదు అన్నాడట. దాంతో ఇద్దరు మనుషులకొక డ్రమ్ము, దానికో పైపు వచ్చాయి. పొద్దున్నే ట్యాంకరు వచ్చి డ్రమ్ములు నింపేది. ఆ మాట వినగానే నేను దేవుడికి టెంకాయ కొట్టాను.

అదే వారం నుంచి మా ఆయన సైకిలుకు రెండు బిందెలు కట్టుకొని నీళ్లు తేవడం మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీలో మిగిలాయన్నాడు. మా వీధి బోరు దగ్గర ఆడవాళ్లు జుట్లు పట్టుకుంటుంటే నేను అరుగు మీద కూర్చుని వేడుక చూసేదాన్ని. ఎంత పొగరో నాకు! దగ్గు మాత్రం తగ్గలేదు. ఆయన దగ్గుతున్నంతసేపూ నేను ఊపిరి బిగబట్టి వినేదాన్ని, ఎప్పుడు ఆగుతుందా అని. ఆగితే, ఎందుకు ఆగిందా అని.

ఒకరోజు సద్ది మరిచిపోతే తీసుకెళ్లాను. షెడ్డులో ఇద్దరు మనుషులు, నెత్తి నుంచి పాదం దాకా పిండిలో పొర్లినట్టున్నారు. వాళ్లలో మా ఆయన ఎవరో దగ్గాక గానీ నాకు తెలియలేదు. పైపును మెలిపెట్టి తాడుతో కట్టేశారు. డ్రమ్ము పక్కన నాలుగు బిందెలు, నిండుగా, మూతలేసి ఉన్నాయి. వాటిలో రెండు నావి.

"ఏం చేస్తాండావు నువ్వు? నీళ్లు రాయి మింద పోసేదానికి గదా ఇచ్చినారు?"

"రాయి మింద పోస్తే ఏమొస్తాది మే? బురదే గదా. ఇంట్లో తాగనీకె గుక్కెడు ల్యాకపాయ."

"దుమ్మంతా నీ రొమ్ములోకి పోతాండాది!"

"బెల్లం తింటాండాం లే."

నాకు ఒళ్లు మండిపోయింది. నేరుగా యజమాని దగ్గరికే వెళ్లాను. "నీళ్లిచ్చేది నా పని, ఇచ్చినా. బిందెల్లో పట్టుకోమని నేనేమన్నా చెప్పినానామ్మా?" అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. నా కోపమంతా అందుకే.

మర్నాడు నేను మా ఆయన్ను బిందెలు తీసుకుపోనివ్వలేదు. నేనే బోరు దగ్గర తిట్లు తిని అర బిందె తెచ్చుకున్నాను. సాయంత్రం ఆయన మళ్లీ తెల్లగానే వచ్చాడు.

"ఇంగా ఆ పైపు కట్టేసినారా?"

"డ్రమ్ము ఇద్దరిది గదా మే. వాని పెండ్లాం పచ్చి బాలింత. నీళ్లు పట్టుకోవద్దని వానికి నేనెట్ల చెప్పాల?"

నువ్వు చెప్పకుంటే నేనే చెబుతానని బయలుదేరాను. వాళ్లిల్లు పక్క వీధిలోనే. దారంతా మాటలు కూడబలుక్కున్నాను. నీ మొగుడికీ రేపు ఇదే గతి పడుతుందని, బిడ్డను సాకడానికి నీళ్లు కావాలో మనిషి కావాలో తేల్చుకొమ్మని అడిగేద్దామనుకున్నాను.

తలుపు తీసే ఉంది. ఆ పిల్ల పీట మీద కూర్చుని, చాపిన కాళ్ల మీద బిడ్డను పడుకోబెట్టుకొని ఉంది. పక్కన గిన్నెలో గోరువెచ్చని నీళ్లు. సాయానికి ఇంకో ఆడమనిషి లేదు. నన్ను చూడగానే దాని మొహం విప్పారింది.

"సమయానికి వచ్చినావక్కా. ఒక్కదానికి శానా కష్టమైతాండాది. రోంత నీళ్లు పోస్తావా?"

పెరట్లో దాని మొగుడు దగ్గుతున్నాడు. అతనిదీ మా ఆయన దగ్గే, అదే గరగర. అనాల్సిన మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. బిడ్డ కాళ్లు తన్నుకుంటూ గుక్కపట్టి ఏడుస్తోంది. నేను చెంబు ముంచి బిడ్డ మీద పోశాను. గిన్నె ఖాళీ అయ్యేదాకా పోస్తూనే ఉన్నాను.