రంగు నిలవని మిరప

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది వేసవిలో గుంటూరు దగ్గరి ఒక వ్యవసాయ పరిశోధనా కేంద్రానికి ప్రధాన శాస్త్రవేత్తగా బదిలీ మీద వచ్చాను. మిరప విభాగం నా బాధ్యత. కొత్త వంగడాలను తయారుచేసి, పరీక్షించి, విడుదలకు ప్రతిపాదించడం మా పని. చెప్పడానికి ఒక్క వాక్యమే గాని, ఒక వంగడం రైతు చేతికి వెళ్ళేసరికి ఒక్కోసారి శాస్త్రవేత్త సర్వీసులో సగం అయిపోతుంది.

నేను వెళ్ళేనాటికి అక్కడ డాక్టర్ సుభాన్ అనే యువ శాస్త్రవేత్త ఉన్నాడు. నరసరావుపేట వైపు వాడు. ఉద్యోగంలో చేరిన ఏడాది చేసిన ఒక సంకరం నుంచి, ప్రతి తరంలో మంచి మొక్కలను ఏరుకుంటూ ఒక వంగడాన్ని నిలబెట్టుకొచ్చాడు. అది పెరిగిన మడి నంబరును బట్టి దాన్ని అందరం ‘ముప్ఫై రెండు’ అని పిలిచేవాళ్ళం. జెమినీ వైరస్‌ను బాగా తట్టుకోవడం దాని గొప్ప. ఈ వైరస్‌ను తెల్లదోమ మోసుకొస్తుంది. సోకిన మొక్క ఆకు ముడుచుకుని గిడసబారిపోతుంది, ఆ చేను మీద ఇక ఆశ ఉండదు. ఆ రోజుల్లో మిరప రైతుకు దాన్ని మించిన భయం లేదు.

ఆ ఖరీఫ్‌లో ముప్ఫై రెండును మినీకిట్లకు ఇచ్చాం. అంటే విత్తనాన్ని చిన్న పొట్లాల్లో రైతులకిచ్చి, వాళ్ళ చేలో వాళ్ళ పద్ధతిలోనే పండించి చూస్తాం. అప్పటి ప్రకాశం జిల్లాలో, అద్దంకి దగ్గర వెంకాయమ్మగారనే రైతుకు ఒక పొట్లం వెళ్ళింది. భర్త పోయాక కౌలుకు కూడా భూమి తీసుకుని సేద్యం చేస్తున్న మనిషి. డిసెంబరులో సుభానూ నేనూ చూడటానికి వెళ్ళేసరికి చుట్టుపక్కల చేలన్నీ ముడతపడి పసుపెక్కి ఉన్నాయి. ఆమె వేసిన మా మడి మాత్రం పచ్చగా, కాయ బరువుకు వంగి ఉంది.

ఆమె గట్టు మీద నుంచే కేకేసింది. “మేడంగారూ, ఈ ఇత్తనం వచ్చే ఏడు నాకు మొత్తం చేనుకీ కావాల. ఇంకెవరికిచ్చినా ఇయ్యకపోయినా నాకియ్యాల. ఏం సారూ, ఇస్తారా?”

“విడుదల కానివ్వండమ్మా, మొదటి విత్తనం మీకే,” అన్నాడు సుభాన్. నేనూ నవ్వాను. ఆ మాటలో అనుమానించాల్సింది అప్పుడు నాకేమీ కనిపించలేదు.

వేసవి చివర్లో విడుదల కమిటీ కూర్చుంది. మంగళగిరి దగ్గర ఒక సమావేశ మందిరం. సీనియర్ శాస్త్రవేత్తలు, వ్యవసాయ శాఖ అధికారులతో పాటు మిర్చి వ్యాపారుల తరఫున ఒకాయన కూడా సభ్యుడు. వంగడాన్ని తయారుచేసినవాడే వివరాలు చెప్పుకోవాలి. సుభాన్ బాగా చెప్పాడు. దిగుబడి, వైరస్‌ను తట్టుకునే గుణం, కారం, అన్నిటికీ సమాధానాలున్నాయి.

చివర్లో వ్యాపారుల ప్రతినిధి రెండు కవర్లు బల్ల మీద పెట్టాడు. ఒకదాంట్లో ఆ ఏడాది కాయ. రెండోదాంట్లో అంతకు ముందు ఏడాది కేంద్రంలో పండి, నిల్వ చేసిన కాయ. ముప్ఫై రెండే రెండూ. కొత్త కాయ నిగనిగలాడుతోంది. పాతది ఇటుక పొడిలా వెలిసిపోయింది.

“సార్, మిర్చి కోసిన రోజే అమ్ముడుపోదండి,” అన్నాడాయన మెల్లగా. “రేటు కోసం రైతు కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. బయటికి తీసేసరికి ఇట్టా ఉంటే ఎవరు కొంటారండి?”

మేం రంగును కొలిచిన మాట నిజమే. కోత కాగానే కొలిచాం. అప్పటికి అమల్లో ఉన్న పద్ధతి అదే. నిల్వ చేశాక మళ్ళీ కొలవాలని నిబంధన లేదు. అధ్యక్షుడు మర్యాదగానే తీర్పు చెప్పాడు. విడుదలకు సిఫారసు చేయలేమన్నాడు. మరుసటి ఏడాదికి వాయిదా కూడా కాదు, పూర్తి తిరస్కారం. కమిటీ తప్పు చేసిందని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

తిరిగి వచ్చేటప్పుడు మా కారు కాజ టోల్‌గేటు దాటింది. అప్పుడు సుభాన్ అన్నాడు: “మిరప పనికిరాదంటే ఫర్వాలేదు మేడమ్. అంతమంది ముందు నేనే పనికిరానట్టు అనిపించింది.”

నాకు అంతకుముందే రెండు వంగడాలు తిరస్కారమై ఉన్నాయి. ఆ సంగతి చెప్పాను. మొదటిసారి నేను ఇంటికి వెళ్ళి ఎవరితోనూ మాట్లాడలేదనీ, తర్వాత ఆ మొక్కలే మరో సంకరానికి తల్లి మొక్కలుగా పనికొచ్చాయనీ చెప్పాను. “ముప్ఫై రెండును రంగు నిలిచే రకంతో కలుపుదాం. గుణం ఎక్కడికీ పోలేదుగా,” అన్నాను. అతను తల ఊపాడు. విన్నాడనే అనుకున్నాను.

మా కేంద్రంలో జూన్‌లోపు మళ్ళు పంచుతారు, జులైలో నారు పోస్తారు. తిరస్కారమైన వంగడానికి మడి ఉండదు. అది నియమం. పాత పని మూసి కొత్త పని రాసి ఇవ్వాల్సిన రోజులూ, సుభాన్ మనసు కుదుటపడాల్సిన రోజులూ ఒకటే అయ్యాయి.

విత్తనం ఇవ్వలేమని వెంకాయమ్మగారికి చెప్పాల్సి వచ్చింది. సుభాన్ రానన్నాడు. నేనొక్కదాన్నే వెళ్ళాను. విషయం వినగానే ఆమె కస్సుమంది.

“రంగు పోద్దని ఇత్తనమే లేకుండా చేస్తారా? రోగమొచ్చి చేనే పోతే ఆ రంగు నేనేం చేసుకోను?”

నిల్వ సంగతీ, ధర సంగతీ వివరించాను. మొదట మొహం తిప్పుకుంది. తర్వాత చుట్టూ చూసి అడిగింది.

“ఆ సారేడీ? రాలేదేం?”

“బాధపడుతున్నాడమ్మా.”

“బాధపడడా మరి? బిడ్డను పెంచినట్టు పెంచాడయ్యె. ఇంకోటి తయారుచేసుకుని రమ్మనండి. నా చేలో ఓ మూల చోటిస్తా. నేను చెప్పానని చెప్పండి.”

మర్నాడే ఆ మాట చెప్పాను. “ఆమెకు నమస్కారం చెప్పండి మేడమ్,” అని, తను రాజీనామా చేస్తున్నట్టు చెప్పాడు సుభాన్. హైదరాబాదులో ఒక విత్తన కంపెనీ అమ్మకాల విభాగంలో చేరుతున్నాడట. కొన్నాళ్ళు సెలవు పెట్టి ఆలోచించుకోమన్నాను. “మళ్ళీ అన్నేళ్ళు పెంచి, మళ్ళీ అక్కడ నిలబడలేను,” అన్నాడు. నెల తిరక్కుండానే వెళ్ళిపోయాడు.

సంకరం నేనే చేశాను. ముప్ఫై రెండు తల్లి. ఆ ఏడాది నుంచి ప్రతి తరంలోనూ కాయను వేసవంతా నిల్వ ఉంచి, రంగును రెండోసారి కొలిచాకే మొక్కలను ఏరడం మొదలుపెట్టాం. దాంతో ఎంపిక ఆలస్యమయ్యేది, పని పెరిగేది. బాగున్నాయనుకున్న మొక్కలు నిల్వలో వెలిసిపోయి, ఎన్నోసార్లు వెనక్కి పోవాల్సి వచ్చింది. వెంకాయమ్మగారు మాట తప్పలేదు. చేనులో మూల మడి మాకు వదిలేది. వెళ్ళినప్పుడల్లా “ఆ సారు ఫోన్ చేశాడా?” అని అడిగేది.

నల్ల తామర పురుగు విరుచుకుపడ్డ ఏడాది ఆమె చేను మొత్తం పోయింది, మా మడితో సహా. ఆ తర్వాత ఆమె కొడుకు మిరప మానేసి మొక్కజొన్న వేశాడు. ఆమె ఎదురు చెప్పలేదు. మా దగ్గర కేంద్రంలో దాచిన విత్తనం ఉంది గనక మేం ఆగలేదు.

నేను రిటైరయ్యే ముందు ఆ వంగడం కమిటీ ముందుకు వెళ్ళింది. నిల్వ ఉంచిన కాయను ఈసారి మేమే బల్ల మీద పెట్టాం. ఆమోదించారు. తయారుచేసినవారి పేర్లలో సుభాన్ పేరు కూడా ఇచ్చాను. తల్లి వంగడం అతనిది కాబట్టి అది న్యాయం.

ఆ సాయంత్రం ఫోన్ చేశాను. సంతోషించాడు. రంగు ఎంత నిలిచిందో, వైరస్‌ను ఎంత తట్టుకుందో ఆత్రంగా అడిగాడు. తర్వాత గొంతు తగ్గింది. “ఆ రోజు మీరు కారులో చెప్పింది ఇదే కదా మేడమ్. నాకప్పుడు వినపడలేదు.” మళ్ళీ పరిశోధన వైపు రావాలని లేదా అని అడిగాను. “మొక్కను చూసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నాకు తెలిసింది టార్గెట్లే,” అన్నాడు.

వెంకాయమ్మగారికి ఒక పొట్లం పంపాను. మిరప చేను లేదు కాబట్టి పెరట్లో నాటించుకుందని విన్నాను.

ఆ తిరస్కారం వల్ల మా విభాగం బాగుపడింది. మా ఎంపిక పద్ధతి మారింది, నా పని గట్టిపడింది. దెబ్బ తిన్నాక మళ్ళీ మొదలుపెట్టే శక్తి మనిషికి వస్తుంది, అది నేను చూశాను. కానీ అది అందరికీ ఒకే వేగంతో రాదు. నాకు మూడోసారి కాబట్టి తొందరగా వచ్చింది. సుభాన్‌కు మొదటిసారి కాబట్టి మరికొన్ని నెలలు పట్టేది. మా ఉద్యోగంలో నారు పోయడానికి గడువుంది గాని, ఆ కొన్ని నెలలకు చోటు లేదు. అందువల్ల కేంద్రానికి ఒక మంచి వంగడం దక్కింది, దాన్ని తయారుచేయగల మనిషి దక్కలేదు.