ఇస్త్రీ చేసిన పేజీ

మా లిఫ్టుల అంకెల పక్కన చిన్న చుక్కలు పొడుచుకొచ్చి ఉంటయి. అవి వేలికి తగిలినప్పుడల్లా నాకు చిన్నాయిన పుస్తకం యాదికొస్తది.

చిన్నాయినకు కండ్లు కనపడవు. హైదరాబాదుల కండ్లు లేనోళ్ల బడిల సదువుకొని నల్గొండకు తిరిగొచ్చిండు. నాకు ఎనిమిదేండ్లప్పుడు ఆ బడి నుంచి ఆయనకు పోస్టుల ఒక లావు కతల పుస్తకం వచ్చింది. తెరిచి చూస్తే ఒక్క అక్షరం లేదు, కాయితం నిండ పొక్కులే. అది బ్రెయిలీ అని నాకేమెరుక?

మాది మగ్గం ఇల్లు. నూలు తడిమి ముడులు ఏరుడు నా పని. చిన్నాయినకు పాడైన పుస్తకం అంటగట్టిండ్రనుకున్న. అవ్వ బట్టలు ఇస్త్రీ చేసే నిప్పుల చెంబు తెచ్చి మొదటి కతల ఒక పేజీ నున్నగ సాపు చేసిన.

అంతల చిన్నాయిన వచ్చి, నన్ను పక్కన కూసోవెట్టుకొని సదువుడు మొదలువెట్టిండు. ఆ పేజీ కాడ వేళ్లు ఆగినయి.

"ఏమైంది చిన్నాయినా?"

"ఏం లేదు బిడ్డా. గీ కాయితం జర ఎచ్చగున్నది," అని నవ్వి కత ముందుకు సాగిచ్చిండు.

ఆ పేజీల రాజు బిడ్డ ఒకసారి గుర్రమెక్కింది, మల్లోసారి సదివితే పులితోని మాట్లాడింది. మిగిలిన పేజీలు ఎన్నడు మారలే.

"గదెట్ల చిన్నాయినా?"

"గా పేజీ గట్లనే ఉంటది బిడ్డా."

నా ఇస్త్రీ మహిమే అనుకొని మురిసిన.

పుస్తకం వచ్చిన దినమే నేను చెంబు వెట్టిన. అంటే ఆ పేజీని చిన్నాయిన ఒక్కసారి గూడ సదవలే. గీ సంగతి నాకు తట్టేసరికి నాకే మనుమలు పుట్టిండ్రు.